ఖాళీగా దిగిన పెడల్

పదకొండో నంబరు గో-కార్టు పందెపు బండి ట్రాక్ అంచున టైర్ల గోడలోకి దూసుకుపోయి ఆ మంగళవారానికి పది రోజులైంది. నడిపిన పిల్ల యాళినికి భుజం ఎముక, ఎడమ మణికట్టు విరిగాయి. బ్రేకు తొక్కానని, పెడల్ ఖాళీగా దిగిపోయిందని ఆమె స్ట్రెచర్ మీద నుంచే చెప్పింది. గంట తరవాత మేనేజరు దండపాణి అందరి ఎదుటా ఆ పెడల్‌ని బూటుకాలితో తొక్కి చూశాడు. రాయిలా నిలబడింది. శుక్రవారం జరిగిన విచారణ అరగంటలో ముగిసింది. బ్రేకు బాగానే ఉందనీ, పిల్ల బెదిరిపోయి తొక్కడం మరిచిందనీ, ఇప్పుడు తప్పు బండి మీదికి నెడుతోందనీ తేల్చారు. యాళిని పేరు జట్టులోంచి కొట్టేశారు. ఆ రోజు పొద్దున బండి పరీక్షించి సంతకం పెట్టిన మెకానిక్, అందరూ కనగం అని పిలిచే కనగవల్లిని మాత్రం ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అనకపోవడమే ఆమెని లోపల తినేస్తోంది.

సోమవారం సాయంత్రం దండపాణి ఆమెని పిలిచి, బుధవారం మధ్యాహ్నానికి పదకొండో నంబరు సిద్ధంగా ఉండాలన్నాడు. వంగిన ఫ్రేము అప్పటికే వెల్డింగ్ షాపు నుంచి సరై వచ్చింది. వారాంతపు పందెంలో దాన్ని వేరే వాళ్ళు నడుపుతారు. మంగళవారం ట్రాక్‌కి సెలవు. సెలవు రోజు వచ్చి చేస్తానంది కనగం. ఆయనకి అందులో వింతేమీ కనిపించలేదు. పోతనూరులో ఆమె ఉండే లైను ఇంట్లో ఆమె కోసం ఎదురుచూసే మనిషి లేడన్న సంగతి అక్కడ అందరికీ తెలుసు.

పొద్దున తొమ్మిదింటికి వాచ్‌మన్ గేటు తీసి, తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. ఆడి మాసం, అంటే ఆషాఢపు గాలి పాలక్కాడు కనుమ నుంచి జోరుగా వీస్తోంది. ఖాళీ ట్రాక్ మీద చెత్త దొర్లుకుంటూ పోతోంది. షెడ్డు రేకులు ఒకటే చప్పుడు. కనగం అన్నం డబ్బా గూట్లో పెట్టి, చీర కొంగు బిగించి, పైన ఖాకీ చొక్కా తొడుక్కుంది. అలవాటుగా పక్క బల్ల వైపు చూసింది. ఆ బల్ల అక్కడ లేదు. పెద్ద మెకానిక్ సెల్లముత్తు దాన్ని పది రోజుల కిందటే షెడ్డు ఆ చివరకి జరుపుకున్నాడు. అక్కడ వెలుతురు బాగుంటుందని చెప్పాడు.

పద్నాలుగేళ్ళ కిందట ఆమె ఈ షెడ్డులోకి ఊడవడానికి వచ్చింది. అప్పటికి మొగుడు తిరుప్పూరు బనియన్ కంపెనీకని వెళ్ళి, అక్కడే ఇంకో సంసారం పెట్టి రెండేళ్ళయింది. మూడో రోజో నాలుగో రోజో సెల్లముత్తు బండి కింద పడుకుని చెయ్యి చాపి, ఆ పదో నంబరు స్పానర్ ఇలా అందుకో అమ్మిణీ అన్నాడు. ఆమె సరైనదే అందించింది. ఆ తరవాత చీపురు మెల్లగా వేరే వాళ్ళ చేతికి పోయింది. టైర్లు, గొలుసు, కార్బురేటరు, చివరికి బ్రేకు, ఒక్కొక్కటీ ఆయనే నేర్పాడు. పదకొండింటికి ఇద్దరూ కలిసి రోడ్డవతలి బేకరీకి వెళ్ళి టీ తాగి, ఒక కొబ్బరి బన్ను చెరి సగం తినేవాళ్ళు. ఇప్పుడు ఆయన పది నలభై అయిదుకే వెళ్ళి వచ్చేస్తున్నాడు. మిగతా మెకానిక్‌లు ఆమెతో మాట్లాడుతున్నారు, కానీ పదకొండో నంబరు మాట వస్తే చేతిలో పని గుర్తొచ్చినట్టు లేచిపోతున్నారు.

ఆమె బండి ముందు చతికిలబడి, కాలితో కాకుండా రెండు వేళ్ళతో పెడల్‌ని నొక్కింది.

గట్టిగా ఉంది. మొదటి నుంచే గట్టిగా ఉంది.

ఆమె మళ్ళీ నొక్కింది. ఏ కార్టు పెడల్ అయినా పట్టు దొరికే ముందు కొంచెం వట్టిగా కదలాలి. రెండు మిల్లీమీటర్లు, మహా అయితే మూడు. షెడ్డులో దాన్ని ఆట అంటారు. ఈ పెడల్‌కి ఆట లేదు. ఆ రోజు దండపాణి తొక్కి చూసి అందరికీ చూపించిన గట్టిదనం బ్రేకు బాగుందనడానికి గుర్తు కాదు, జబ్బుకే గుర్తు. తను కూడా అప్పుడు గుంపులో నిలబడి చూసింది. కాలితో తొక్కితే తెలియదు, వేలితో నొక్కాలి అని అనలేదు. తట్టలేదా, లేక తట్టకుండా ఉంటే బాగుండునని అనుకుందా అన్నది ఆమెకే తెలియదు.

వెనక చక్రాలు పైకెత్తి, స్టాండు పెట్టి తిప్పింది. చక్రం అరచుట్టు తిరిగి ఆగిపోయింది. పెడల్ వదిలేసి ఉన్నా బ్రేకు పట్టుకునే ఉందన్నమాట. బ్రేకు డిస్కు బిళ్ళ మీద దుమ్ము తుడిస్తే అడుగున ఉక్కు నీలంగా మారి ఉంది. అంచుల్లో ఊదా రంగు. ఉక్కు ఆ రంగుకి రావాలంటే ఎంత కాగాలో ఆమెకి తెలుసు. ప్యాడ్లు ఊడదీసింది. వాటి ముఖాలు గాజులా మెరుస్తున్నాయి. నూనె డబ్బా మూత తీస్తే తేనెరంగులో ఉండాల్సిన బ్రేకు నూనె డికాషన్‌లా నల్లబడి ఉంది.

ఆమె నేల మీదే కూర్చుని, జరిగింది ఒక వరసలో పెట్టుకుంది. పెడల్ వదిలినప్పుడు నూనె వెనక్కి డబ్బాలోకి పోవడానికి సిలిండరులో సూది మొనంత రంధ్రం ఉంటుంది. పెడల్‌కీ సిలిండరుకీ మధ్య కడ్డీ ఒక్క పిసరు పొడుగైతే చాలు, లోపలి రబ్బరు ఆ రంధ్రాన్ని మూసేస్తుంది. నూనె వెనక్కి పోలేదు. ప్యాడ్లు బిళ్ళని ఒరుసుకుంటూనే ఉంటాయి. ఒరుసుకున్న కొద్దీ వేడి, వేడెక్కిన కొద్దీ నూనె ఉబ్బి ఇంకా బిగుసుకోవడం. పది, పన్నెండు చుట్లకి నూనె మరిగి ఆవిరవుతుంది. ఆవిరిని ఎంత తొక్కినా అది నలుగుతుందే తప్ప చక్రాన్ని ఆపదు. పెడల్ ఖాళీగా దిగిపోతుంది. గంట ఆగితే చల్లారి, ఆవిరి మళ్ళీ నూనె అయిపోయి, పెడల్ ఏమీ ఎరగనట్టు గట్టిపడుతుంది. యాళిని పద్నాలుగో చుట్టులో గోడకి కొట్టుకుంది.

ఆ పిల్ల చెప్పిందాంట్లో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు.

తరవాత కడ్డీ చూసింది. బిగింపు పూర్తయ్యాక కడ్డీ మీదా, నట్టు మీదా, కడ్డీ మరతో దూరే కొస ముక్క మీదా కలిసేలా పసుపు రంగుతో ఒకటే గీత గీయడం కనగం పద్ధతి. ఎవరు కదిపినా గీత విడిపోతుంది. ఇప్పుడు కొస మీది గీత పైకి ఉంటే, కడ్డీ మీది గీత సరిగ్గా కిందికి ఉంది. బయటపడ్డ మరని లెక్కపెడితే ఒకటిన్నర చుట్టు. బండి గుద్దుకున్నప్పుడు కదిలిందనుకోవడానికి వీల్లేదు. నట్టు స్పానర్‌తో నీటుగా బిగించి ఉంది. ఎవరో చేతులారా తిప్పి, చేతులారా బిగించారు. ఆ రోజు ఎనిమిదింటికి ఆమె పరీక్ష చేసి సంతకం పెట్టింది. తొమ్మిదిన్నరకి ఇంకో బండి తీసుకుని తూకం షెడ్డుకి వెళ్ళి అరగంట అక్కడే ఉండిపోయింది. స్పానర్ల పెట్టెకి రెండే తాళంచెవులు. ఒకటి ఆమె నడుముకి ఉంది, రెండోది సెల్లముత్తు దగ్గర.

ఫోనుతో నాలుగు ఫొటోలు తీసింది. కడ్డీని నట్టు, కొసతో సహా ఎలా ఉన్నదలా ఊడదీసి, శుభ్రమైన బనియన్ గుడ్డలో చుట్టి, చొక్కా జేబులో పెట్టుకుంది. ఆ తరవాత చాలాసేపు ఆమె ఏమీ ఆలోచించలేదు. చేతులు పని చేసుకుపోయాయి. కొత్త బిళ్ళ, కొత్త ప్యాడ్లు, సిలిండరులోకి కొత్త రబ్బర్లు, కొత్త కడ్డీ. వేలి కింద ఆట తెలిసేదాకా సర్ది, నట్టు బిగించి, పసుపు గీత గీసింది. పాత నూనె మొత్తం వంపేసి కొత్తది పోసింది.

మిగిలింది గాలి తీయడం. గొట్టాల్లో ఒక్క బుడగ ఉన్నా పెడల్ దూదిలా ఉంటుంది. ఒకరు ముందు కూర్చుని పెడల్ తొక్కి పట్టుకోవాలి. ఇంకొకరు వెనక బ్రేకు దగ్గర చిన్న స్క్రూ వదులు చేసి గాలిని వదిలి, పెడల్ ఎత్తకముందే బిగించాలి. ఇద్దరి పని. ఆమె స్క్రూకి సన్న గొట్టం తగిలించి, దాని రెండో కొసని నూనె సీసాలో ముంచి, ఒక్కతే చెయ్యబోయింది. కుడిచేత్తో పెడల్ నొక్కితే ఎడమచెయ్యి స్క్రూకి జానెడు దూరంలో ఆగిపోతోంది. బండి మీద బోర్లా పడుకుని చూసింది. చీపురు కర్రతో పెడల్‌ని తోసి చూసింది, జారిపోయింది. స్క్రూ వదులుగా ఉంచి ముందుకు పరిగెత్తి తొక్కి, వెనక్కి వచ్చేసరికి గొట్టంలో బుడగలు లోపలికే పోతున్నాయి. అయిదోసారి లేచి వస్తుంటే మోకాలు ఫ్రేముకి కొట్టుకుంది. ఆమె ఆ చక్రం పక్కనే కూలబడింది. నొప్పికి కాదు. గేటు దాకా వెళ్ళి, వచ్చి రెండు నిమిషాలు పెడల్ తొక్కమని వాచ్‌మన్‌ని అడగొచ్చు. అడిగితే వస్తాడు కూడా. కానీ ఆ రెండు నిమిషాల కోసం ఒక మనిషిని పిలవాలన్న ఊహకే ఆమెకి ఏడుపొచ్చింది.

గుమ్మంలో నీడ పడింది. సెల్లముత్తు. పంచె మీద చారల చొక్కా, చేతిలో గొడుగు. మోపెడ్ చప్పుడు ఆమెకి వినపడలేదు.

"సెలవు రోజు కూడా పనేనా అమ్మిణీ" అన్నాడు. పది రోజుల్లో అదే మొదటి మాట.

ఆమె చొక్కా చేతితో కళ్ళు తుడుచుకుంది. ఆయన గొడుగు గోడకి ఆనించి, నెమ్మదిగా వచ్చి, ఒక చేత్తో స్టీరింగు తడిమి పట్టుకుని బండి సీట్లో కూర్చున్నాడు. ఎన్ని వందల సార్లో కూర్చున్నట్టే. పాదం పెడల్ మీద పెట్టాడు. ఆమె వెనక స్క్రూ దగ్గర కూర్చుంది.

"తొక్కండి."

"తొక్కాను."

"పట్టుకోండి."

స్క్రూ వదిలింది. గొట్టంలో బుడగలు, వాటి వెనక తేనెరంగు నూనె. స్క్రూ బిగించింది. వదలమంది. మళ్ళీ తొక్కమంది. ఇద్దరి మధ్యా ఆ నాలుగు మాటలే నడిచాయి. ఆరోసారికి బుడగలు తగ్గాయి. తొమ్మిదోసారికి ఒకటీ అరా మిగిలాయి. ఆ కాసేపు కనగానికి ఈ పది రోజులు అసలు రానేలేదనిపించింది. ఇది అయిపోయాక చేతులు కడుక్కుని బేకరీకి వెళ్తారనిపించింది.

డబ్బాలో నూనె ఎంతుందని ఆమె వెనక నుంచి అడిగింది. డబ్బా ఆయన మోకాలి ముందే ఉంటుంది. సగం పైనే ఉందన్నాడాయన. లెక్కప్రకారం అంత ఉండకూడదు. ఆమె లేచి వచ్చి చూసింది. డబ్బా అడుగు కనిపిస్తోంది. ఇంకొక్కసారి తొక్కితే గాలి పీల్చేసి చేసిన పనంతా వృథా అయ్యేది.

ఆమె మాట్లాడకుండా నూనె పోసి, మిగిలిన మూడు సార్లూ డబ్బా తనే చూసుకుంటూ పూర్తి చేసింది. చేతులు తుడుచుకుని, జేబులోంచి బనియన్ గుడ్డ తీసి విప్పి, పాత కడ్డీని ఆయన చేతిలో పెట్టింది. కావాలనే రంగు లేని వైపు పైకి ఉంచింది.

"నా గీత విడిపోయింది చూశారా అన్నా?"

ఆయన దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. "ఆఁ, విడిపోయింది. కనిపిస్తూనే ఉందిగా."

కనగం చాలాసేపు ఆయన ముఖంలోకి చూసింది. ఆయన చూపు ఆమె చెవి పక్కగా ఎక్కడో ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి అన్నా?"

ఏమిటని ఆయన అడగలేదు. సీట్లోంచి లేవబోయి, లేవలేక, అక్కడే ఉండిపోయాడు. చిత్తిరై నెల నుంచి, అంటే మూడు నెలల పైనుంచి అని చెప్పాడు. కుడి కన్ను అంతకుముందే పోయింది. ఎడమదాంట్లో నడిమధ్యన పొగ, అంచుల్లోనే కాస్త కనిపిస్తుంది. కంటి ఆసుపత్రిలో చూపిస్తే ఆలస్యం చేశారన్నారు, పోయింది తిరిగి రాదన్నారు. ఇంట్లో భార్యకి కూడా చెప్పలేదు. ఈ పనిలో సగం వేళ్ళకే తెలుసు కాబట్టి ఎలాగో నెట్టుకొస్తున్నాడు. బల్ల ఆ చివరకి జరుపుకున్నది ఆమె మీద కోపంతో కాదు, నిజంగానే వెలుతురు కోసం. ఆమె పక్కన కూర్చుంటే ఒక్క రోజులో కనిపెట్టేస్తుందని కూడా.

ఆ ఉదయం సంగతీ ఆయనే చెప్పాడు. యాళిని వచ్చి, కొత్త బూట్లతో పెడల్ కొంచెం దూరంగా అనిపిస్తోంది మామా, సర్దండి అంది. కనగం లేదు. రోజుకి నలుగురు అడిగే పనే అది. కడ్డీ ఒకటిన్నర చుట్టు తిప్పాడు, నట్టు బిగించాడు. అడిగింది తనే అయినా, ప్రమాదానికీ ఆ సర్దుడికీ ముడి ఉందని ఆ పిల్లకి ఇప్పటికీ తట్టలేదు.

"ఆట చూడాలని తెలీక కాదు అమ్మిణీ. చూశాను. ఉందనుకున్నాను."

గాలికి రేకులు కొట్టుకుంటున్నాయి. కనగం గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"ఆ పిల్ల అబద్ధాలకోరు అన్నారు అందరూ. మీరు అక్కడే నిలబడి ఉన్నారు."

"నువ్వూ నిలబడే ఉన్నావు."

ఆమె బనియన్ గుడ్డని మడత పెట్టింది. విచారణలో దండపాణి ఆమెని ఒక్కటే అడిగాడు. పొద్దున తను చూసినప్పుడు బాగానే ఉందని చెప్పిందామె. నిజమే చెప్పింది. ఆ నిజంతోనే వాళ్ళు యాళిని నోరు మూయించారు. ఆ సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళి, పిల్ల మంచం పక్కన కూర్చుని, నేను నిన్ను నమ్ముతున్నానే అంది. యాళిని బాగున్న చేత్తో ఆమె వేళ్ళు పట్టుకుని నిద్రపోయేదాకా వదల్లేదు. కానీ ఆ మాట అనాల్సిన చోటు ఆసుపత్రి కాదు.

సెల్లముత్తు కడ్డీని వేళ్ళ మధ్య తిప్పుతున్నాడు. "కాగితం మీద సంతకం పెట్టి కూడా దీన్నెందుకు విప్పావు అమ్మిణీ? నీ జోలికి ఎవరూ రారుగా ఇక."

"పెట్టాను కాబట్టే విప్పాను. చూశానని సంతకం పెట్టినదాన్ని, చివరిదాకా చూడొద్దా?"

ఆయన ఏదో అనబోయి ఆగాడు. ఆమె వైపు తల తిప్పి, ఆ మిగిలిన అంచు చూపుతో ఆమె ముఖాన్ని పట్టుకోవాలని ప్రయత్నించాడు. తరవాత తనే మాట మార్చాడు. బుధవారం పదింటికి దండపాణి వస్తాడు, తనే వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్తానన్నాడు. కన్ను సంగతి కూడా. ఉద్యోగం ఉంటుందో పోతుందో, అది తరవాతి మాట. ఈ ఒక్క రోజు తనకి వదిలెయ్యమన్నాడు. ఇంట్లో ముందు చెప్పుకోవాలట.

ఆమె సరేనంది. ఆయన మాట మీద ఆమె పద్నాలుగేళ్ళు బండ్లని ట్రాక్ మీదికి పంపింది.

"ఈ కడ్డీ నా దగ్గర ఉంచుకోనా? రేపు నేనే చూపిస్తాను."

"వద్దన్నా. నా దగ్గర ఉండనివ్వండి."

ఆయన కడ్డీని ఆమె చేతికిచ్చేశాడు. గొడుగు తీసుకుని బయటికి నడిచాడు. ఆమె గుమ్మం దాకా వెళ్ళి చూసింది. ఆయన మోపెడ్ ఎక్కలేదు. స్టాండు తీసి, హ్యాండిల్ పట్టుకుని, రోడ్డు అంచున నడిపించుకుంటూ వెళ్ళిపోయాడు. వచ్చేటప్పుడు చప్పుడెందుకు వినపడలేదో ఆమెకి అప్పుడు అర్థమైంది. బస్సు దిగినవాళ్ళు నడిచే దూరమంతా ఆయన రోజూ ఆ బండిని తోసుకుంటూ వస్తున్నాడు, నడుపుతున్నాడని అందరూ అనుకోవాలని.

షెడ్డులోకి వచ్చి ఆమె అన్నం డబ్బా తెరిచింది. బియ్యం, పప్పు కలిపి వండిన అరిసి పరుప్పు చల్లారి ముద్దయిపోయింది. రెండు ముద్దలు తిని మూత పెట్టేసింది. పని మొత్తం అయిపోయింది. బ్రేకు ఎలా ఉండాలో అలా ఉంది. వేలితో నొక్కితే కొంచెం ఆట, ఆ తరవాత గట్టి పట్టు. చక్రం తిప్పితే తిరుగుతూనే ఉంది. చూడమని చెప్పడానికి చుట్టూ ఎవరూ లేరు. ఇంత మంచి పని చేసిన రోజున మామూలుగా ఆయన తల ఊపి, ఫరవాలేదు అమ్మిణీ అంటాడు. అదొక్కటే ఆమెకి ఇన్నేళ్ళూ దొరికిన మెప్పు. ఇక ఆ మాట ఎవరు అంటారో, అసలు ఎవరైనా అంటారో లేదో ఆమెకి తెలియలేదు.

సెల్లముత్తుకి ఒక రోజు ఇచ్చింది. కానీ యాళినికి ఒక్క గంట కూడా ఆలస్యం చెయ్యకూడదనిపించింది. పేరు చెప్పక్కర్లేదు, బ్రేకు పోయిందన్న మాట చాలు. ఆ పిల్ల పది రోజులుగా తన కాలిని తనే అనుమానించుకుంటూ పడుకుని ఉంటుంది.

ఫోను చాలాసేపు మోగాక యాళిని ఎత్తింది.

"యాళినీ, నేను కనగం అక్కని. బండి విప్పానమ్మా. నువ్వు తొక్కావు. పెడల్ దిగిపోయింది. నా కళ్ళతో చూశాను."

అవతల ఏడుస్తుందనుకుంది. సంతోషిస్తుందనుకుంది. ఏమీ లేదు. దూరంగా ఎక్కడో లేత్ మిషను తిరుగుతున్న చప్పుడు. వాళ్ళ నాన్న పని చేసే వర్క్ షాపు ఇంటికి ఆనుకునే ఉంటుంది.

"ఇప్పుడెందుకక్కా ఇదంతా" అంది యాళిని. గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "నిన్న రాసిచ్చేశానుగా."

ఏం రాసిచ్చావని కనగం అడిగింది. పిల్ల మెల్లగా, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. నిన్న సాయంత్రం సెల్లముత్తు మామ ఇంటికొచ్చాడు. నాన్న ఇంట్లో లేరు. మామ దగ్గర టైపు చేసిన కాగితం ఉంది. చదివి వినిపించమని తననే అడిగాడు. బ్రేకులో లోపం లేదు, పొరపాటు నాదే, ఇక మీదట ఎవరి మీదా ఫిర్యాదు చెయ్యను అని ఉంది. సంతకం పెడితే వచ్చే ఏడాది జట్టులోకి మళ్ళీ తీసుకుంటామని దండపాణి సార్ చెప్పమన్నారట. మామ ఆ మాట చెబుతూ తల ఎత్తలేదు.

"నేను పెట్టనన్నానక్కా. చచ్చినా పెట్టనన్నాను. తరవాత కింద సాక్షుల పేర్లు కూడా చదివాను. అవి చదివేసరికి మామ కూడా ఏమీ మాట్లాడలేదు, అలా కూర్చుండిపోయారు. ఆయనకి ముందు తెలీదేమో."

"ఏం పేర్లు?"

"ఒకటి దండపాణి సార్. రెండోది మీరు." యాళిని కాస్త ఆగింది. "మీ సంతకం చూశాకే నేను పెట్టానక్కా. నన్ను నమ్మిందే మీరొక్కరు. మీరే అలా రాసిచ్చాక, ఇంక నేనొక్కదాన్నీ కాదని ఎవరితో కొట్లాడను?"

కనగం ఫోను రెండో చెవికి మార్చుకుంది. పదకొండో నంబరు గురించి ఆమె సంతకం పెట్టింది ఒక్క కాగితం మీదే, బండి పరీక్షించిన ఆ ఉదయం, అదీ దండపాణి దగ్గరే ఉంది. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచింది. సెల్లముత్తు ఇందాక అన్న కాగితం ఏదో ఆమెకి ఇప్పుడు తెలిసింది.

"నేను పెట్టలేదే యాళినీ. అలాంటి కాగితం నా కంట కూడా పడలేదు."

లేత్ మిషను ఆగిపోయింది.

"అది మీ చేతిరాతేనక్కా. నాకు తెలుసు. మరి ఎవరు పెట్టారు?"